తుడిచేసిన సున్నా

కాలు కదపొద్దన్నారు. కుడికాలు. మోకాలు మడవకూడదు, తల ఎత్తకూడదు, దగ్గొస్తే తొడ మొదట్లో అరచేత్తో గట్టిగా నొక్కిపట్టుకుని దగ్గాలి, ఐదున్నర దాకా ఇంతే. అక్కడ్నించే కదా సన్నటి గొట్టం ఒకటి లోపలికి పంపి, పొట్టలోంచి, గుండె పక్కనించి, మెడలోంచి పైకి తీసుకెళ్ళి, మందు వదిలి తలలో నరాల బొమ్మలు తీశారు. మందు వదిలినప్పుడల్లా ముఖం లోపలివైపు ఎవరో వేడినీళ్ళు కుమ్మరించినట్టయింది. ఇప్పుడు తల తేలిగ్గానే ఉంది, కాలే దుంగలా పడి ఉంది. "జబ్బు తలలో అయితే కాలు కట్టేశారేంటే?" అంది అమ్మ, నన్ను తోసుకుంటూ ఈ గదిలోకి తెచ్చినప్పుడు. సిస్టర్ నవ్వింది. నేనూ నవ్వబోయాను గానీ, నవ్వితే పొట్ట కదులుతుంది, పొట్ట కదిలితే కాలు కదులుతుంది, ఆపుకున్నాను. నవ్వొద్దని ఎవరూ చెప్పలేదు. చెప్పనివి కూడా పాటించడం నాకు చిన్నప్పట్నించీ అలవాటు.

మూడూ ఇరవై. ఐదింటికి డాక్టరమ్మ వస్తుంది. చిన్న వయసు, మెడలో గుర్తింపు కార్డు ఎప్పుడూ తిరగబడే ఉంటుంది. పొద్దున చెప్పి వెళ్ళింది, పెద్ద డాక్టరుగారు గురువారం మీ చికిత్సకి ఖాళీ ఉంచారు, ఐదింటికి ఔననో కాదనో చెప్పెయ్యండి, వేరేవాళ్ళు వరసలో ఉన్నారు అని. ఔనంటే గురువారం. కాదంటే ఎప్పుడో. గంటా నలభై నిమిషాల్లో నేనొక మాట చెప్పాలి. ఆ మాట ఏమిటో నాకు తెలీదు. పొద్దున ఔననుకున్నాను. మందు వేడిగా ముఖంలోకి పాకినప్పుడు కాదనుకున్నాను. ఇప్పుడు పైన తిరుగుతున్న ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాను, మూడో నాలుగో, తిరిగేవాటిని లెక్కపెట్టలేం.

నెల కిందట నాకు ఏ జబ్బూ లేదు. ఆఫీసులో మెట్లు కడిగి తడి ఆరకుండానే వెళ్ళిపోయారు, నేను పేపర్ల కట్ట పట్టుకుని దిగుతూ జారాను, తల మెట్టంచుకి కొట్టుకుంది. బొప్పి కట్టింది. ఎందుకైనా మంచిదని స్కాన్ చేశారు. బొప్పికేం ఫరవాలేదమ్మా, కానీ లోపల ఇంకేదో కనపడుతోంది అన్నారు. రక్తనాళం గోడ ఒకచోట పల్చబడి బుడగలా ఉబ్బిందట. పగల్లేదు. పగిలితే అప్పటికప్పుడే ప్రాణం మీదికి రావచ్చు, జీవితమంతా పగలకపోనూ వచ్చు. ఎన్నాళ్ళనించి ఉందండీ అంటే ఎవరు చెప్పగలరు, పదేళ్ళేమో అన్నారు. పదేళ్ళు! అంటే పాప ఐదో తరగతి పరీక్షకి దాన్ని కూర్చోబెట్టి చదివించినప్పుడూ ఉంది, నాన్న పోయినప్పుడు గోడకి చేరబడి ఏడ్చినప్పుడూ ఉంది, కొత్త ఇంటికి సామాను మోసి మూడంతస్తులు ఎక్కినప్పుడూ ఉంది. అప్పుడు పగల్లేదు. అప్పుడు నాకు తెలీదు కాబట్టి పగల్లేదా? ఇదేం తర్కం. డిగ్రీ చదివినదాన్ని. మా ఇంట్లో, మా నాన్నవైపూ అమ్మవైపూ కలిపి, డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఆ తడి ఎండి ఉంటే, ఆ మెట్ల మీద నేను పడకపోయి ఉంటే, ఈపాటికి ఆఫీసులో కూర్చుని మార్కులు కూడుతూ ఉండేదాన్ని, తలలో ఇదే బుడగతో, హాయిగా.

మార్కులు కూడటం నా పని. పరీక్షల ఆఫీసులో, ఎవరో దిద్దిన పేపర్లు మాకొస్తాయి, పేజీ పేజీ తిప్పి మళ్ళీ కూడాలి. దిద్దడానికి వీల్లేదు. ఎక్కడైనా పిల్లాడు మంచి జవాబు రాసి రెండు మార్కులే పడితే మనసు పీకుతుంది గానీ చెయ్యి పెట్టకూడదు, ఉన్న అంకెల్ని కూడటం, అంతే. పంతొమ్మిదేళ్ళలో నా కూడికలో తప్పు దొరకలేదు. అందుకే ఆ డాక్టరమ్మ అంకెలు చెప్పినప్పుడు కాస్త ధైర్యం వచ్చింది, హమ్మయ్య, అంకెలేగా అనుకున్నాను. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే, మీలాంటివాళ్ళు వందమంది ఉంటే వచ్చే ఐదేళ్ళలో నలుగురైదుగురికి పగలొచ్చు అంది. చేస్తే, చేసిన రోజునో ఆ దగ్గర్లోనో వందలో నలుగురైదుగురికి ఇబ్బంది రావచ్చు అంది, మాట పోవడం, చెయ్యి పడిపోవడం, ఒక్కోసారి అంతకన్నా పెద్దది. నేను కాగితం తీసుకుని రెండూ రాశాను. ఇటు ఐదు, అటు ఐదు. రాసుకుని చూస్తూ కూర్చున్నాను. కూడాలా? తీసెయ్యాలా? రెండు గుంపులు కనపడతాయి నాకు, పరీక్ష హాలు బయట నిలబడ్డట్టు, ఇటు వందమంది నేనులు, అటు వందమంది నేనులు, అందరూ ఇదే జాకెట్టు, ఇదే జడ. ఒక గుంపులో ఐదుగురిని ఒకేరోజు పేరు పెట్టి పిలిచేస్తారు. ఇంకో గుంపులో పిలవరు, పిలుస్తారేమోనని ఐదేళ్ళు నిలబెడతారు. ఐదేళ్ళయ్యాక ఇంటికి పోవచ్చా అంటే, కాదు, అప్పుడు మళ్ళీ కొత్త లెక్క. ఏ గుంపులో నిలబడతావమ్మా అని అడుగుతున్నారు. నిలబడటం కూడా కాదు, పడుకుని ఉన్నాను, కాలు కదపకుండా.

"నీళ్ళు తాగుతావా?" అంది అమ్మ. గొట్టంతో తాగించింది. ఒక చుక్క చెవిలోకి జారింది. ఆమె వేళ్ళు ఇప్పటికీ గరుకే. ముప్ఫయ్యొక్కేళ్ళు గాజు సీసాల ఫ్యాక్టరీలో, తెల్లటి లైటు పలక ముందు స్టూలు మీద కూర్చుని, బెల్టు మీద కదిలిపోయే సీసాల్లోంచి చెడ్డవి ఏరేది. బుడగున్నది, బీటున్నది, గోడ పల్చబడ్డది. ఏరి పక్కనున్న దోనెలో పడేస్తే అవి కిందకి పోయి పగిలి మళ్ళీ కొలిమికి వెళ్ళేవి. ఇంట్లో కూడా గ్లాసు చేతికిస్తే ఒకసారి కిటికీకేసి చూసేది, తర్వాతే తాగేది. చుట్టాలొచ్చినప్పుడు నాన్నకి సిగ్గు, "ఇక్కడ డ్యూటీ లేదులేవే, తాగు" అనేవాడు. అమ్మకి అక్షరం రాదు. నాన్నకి సంతకం వచ్చు. ఇంటికి ఏ కాగితం వచ్చినా నేను బడినించి వచ్చేదాకా గూట్లో ఉండేది. రోడ్డు మీద పోతూ పోతూ కనపడ్డ బోర్డు కనపడ్డట్టు పైకి చదివేదాన్నని నాకు బోర్డు అని పేరు పెట్టారు. ఒసే బోర్డూ, ఇదేంటో చూడవే.

చూసేదాన్ని. పదకొండేళ్ళప్పుడు పెదనాన్న ఉత్తరం వచ్చింది. అందులో నాన్నని తిట్టాడు, నీ మొహం చూస్తే పాపం అని, ఇంకా ఏదో. రెండు వరసలు. నేను ఆ రెండూ వదిలేసి, మిగతాది, వర్షాలు, దగ్గు, ఆరోగ్యం జాగ్రత్త, అది చదివాను. నాన్న పొంగిపోయి ఆదివారమే పళ్ళు కొనుక్కుని అన్నగారింటికి వెళ్ళాడు. గుమ్మంలో తమ్ముణ్ణి చూసి పెదనాన్నకి నోట మాట రాలేదట. ఇద్దరూ కలిసి తిని, సాయంత్రం దాకా పేకాడుకున్నారు. ఆ తర్వాత చచ్చేదాకా మాట తేడా రాలేదు వాళ్ళ మధ్య. ఉన్నది ఉన్నట్టు చదవాలని కాలేజీలో చెప్పారు, ఆఫీసులో అదే నా ఉద్యోగం. ఇంట్లో మాత్రం చదవడమంటే ఎవరికి ఎంత పెట్టాలో అంత వడ్డించడం అనుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోవడానికి ఇంకెవరికి వచ్చు చదువు? తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు, తీగల రంగులు చదువుతాడు. మా ఆయన బస్సు డిపోలో బ్రేకులు చూస్తాడు, శబ్దం విని చెబుతాడు. కాగితం అంటే ఇద్దరూ నావైపే చూస్తారు.

అందుకే రెండు వారాల కిందట కూడా నావైపే చూశారు. నేనొక్కదాన్నే డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాను, మా ఆయన బయట బండి దగ్గర ఉన్నాడు. ఆవిడ నల్లటి ఫిల్ము లైటుకి పెట్టి, ఎర్ర పెన్సిల్‌తో ఒక సున్నా చుట్టింది, ఇది ఏడు మిల్లీమీటర్లు. తర్వాత అదే వైపు కాస్త కింద ఇంకో సున్నా చుట్టింది. ఇది మూడు. రెండున్నాయి మీకు. పెద్దదానికి దారులు రెండు. తొడ దగ్గర్నించి పంపే గొట్టంలోంచి సన్నటి మెత్తని తీగ పంపి బుడగలో చుట్టలు చుట్టలుగా నింపెయ్యొచ్చు, కాయిల్ అంటారు, కోత ఉండదు, మూడ్రోజుల్లో ఇంటికి. కానీ ఆ చుట్ట రాన్రానూ అణిగి మళ్ళీ రక్తం దూరొచ్చు, చూసుకుంటూ ఉండాలి. లేదా తల ఎముక కొంచెం తెరిచి బుడగ మొదట్లో క్లిప్ పెట్టెయ్యొచ్చు, అది గట్టిది, కానీ కోత, కోలుకోవడానికి వారాలు, నెలలు. చిన్నది కాయిల్‌కి అందదు, మరీ చిన్నది, దాన్ని స్కాన్లు తీస్తూ చూస్తూ ఉండాలి. తల తెరిచేట్టయితే మాత్రం రెండింటికీ ఒకేసారి పెట్టెయ్యొచ్చు. ఏదీ చెయ్యకుండా రెంటినీ చూస్తూ ఉండటం కూడా ఒక దారే. ఇంట్లో మాట్లాడుకుని రండి.

బయటికొచ్చి మెట్ల మలుపులో నిలబడ్డాను. చేతిరుమాలు ఉమ్మితో తడిపి రెండో సున్నా తుడిచేశాను. ఎందుకు? ఇప్పటికి ఎన్నిసార్లు అడుక్కున్నాను. ఒక్కటైతే చెప్పగలననిపించింది. ఒక్కటంటే జబ్బు, రెండంటే నేనే అలా తయారైనట్టు. లేకపోతే మా ఆయన మొహం గుర్తొచ్చిందేమో. లేకపోతే ఏమీ లేదు, చెయ్యి అలవాటు కొద్దీ రెండు వరసలు దాటేసింది. రాత్రి అందరూ మంచం చుట్టూ కూర్చుంటే ఒకటి అని చెప్పాను. "నే చెప్పలా, చదివీ చదివీ అక్క బుర్ర ఉబ్బిందని!" అన్నాడు తమ్ముడు. ఎవరూ నవ్వలేదు, తర్వాత అందరం నవ్వాం, అమ్మ వాడి వీపు మీద ఒకటిచ్చింది. మా ఆయన జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి కిటికీలోంచి విసిరేసి, "నేను మానేశాను, నీకు తగ్గిపోవాలి" అన్నాడు, బేరం కుదిరిపోయినట్టు. తర్వాత అందరూ ఒక్క మాట మీదికొచ్చారు. కోత లేకుండా పనైపోతుంటే తల కోయించుకోవడం ఏంటి, కాయిలే. మరుసటి రోజు డాక్టరమ్మతో, మా ఇంట్లో తల తెరవడానికి ఒప్పుకోవట్లేదండీ అన్నాను. ఆవిడ సరే అని కాయిల్ అని రాసుకుంది. ఒక పేజీ నేనే చింపేసి, మిగిలినదానికి వాళ్ళచేత మార్కులు వేయించాను. ఆ మార్కుల ప్రకారం గురువారం.

మూడూ యాభై. మా ఆయన పాపకి ఫోన్ చేసి టీ తాగొస్తానని కిందకి వెళ్ళాడు. ఎండ కిటికీలోంచి మంచం కాళ్ళదాకా వచ్చింది. అమ్మకి ఉక్కపోసింది. విసురుకోవడానికి నా ఫిల్ముల కవరు తీసుకుంది, లోపల్నించి ఒకటి సగం జారింది. లోపలికి తొయ్యబోయి ఆగింది. బయటికి లాగి కిటికీకేసి పట్టుకుంది. పట్టుకున్న తీరు నాకు తెలిసిందే, చేతులు చాచి, మెడ వెనక్కి వాల్చి, ఒక కన్ను కాస్త మూసి. ముప్ఫయ్యొక్కేళ్ళు అలాగే కూర్చున్న మనిషి. అమ్మా అది మడత పడుతుంది లోపల పెట్టు అన్నాను. వినలేదు. ఫిల్మును మెల్లగా ఇటు వంచింది, అటు వంచింది.

"ఇక్కడ రుద్దారే" అంది.

నేను ఫ్యానుకేసి చూస్తున్నాను.

"ఎర్రది మిగిలింది అంచున. దీనికింద కూడా ఒకటుంది. చిన్నది." ఫిల్ము దించలేదు. "అల్లుడికి తెలుసా?"

"తెలీదు."

"తమ్ముడికి?"

"లేదు."

"నేను ఎటూ చదవలేనులే అనుకున్నావు."

గజ్జల్లో పట్టీ కింద ఏదో తడిగా అనిపించింది, రక్తమా చెమటా, సిస్టర్‌ని పిలవాలా, ఇదే సమయమా దీనికి. చేత్తో తడిమాను, పొడిగానే ఉంది. అమ్మ స్టూలు మంచానికి దగ్గరగా లాక్కుంది. కోప్పడుతుందనుకున్నాను. "మీ పెదనాన్న ఉత్తరం చదివినప్పుడు," అంది, "నీ కళ్ళు పక్కకి పోతూ పోతూ ఒక్కసారి కిందకి దూకాయి. రెండు వరసలు. కదిలిపోయేది చూడ్డమే కదే నా పని, నీ కళ్ళు నాకు తెలీకుండా పోతాయా?"

"మరి నాన్నకి చెప్పలేదేం?"

"మంచికే దూకాయిలే అనుకున్నా." వేలితో ఫిల్ము మీద తట్టింది. "ఇది మాత్రం మంచికి కాదు. ఇది నీ తల."

ముప్ఫై అయిదేళ్ళుగా ఆమెకి తెలుసు. మిగతావి కూడా తెలుసా? నాన్న ఆస్పత్రి కాగితంలో నేను దాటేసిన మాట, తమ్ముడి బడినించి వచ్చిన ఫిర్యాదు, అన్నీ నా కళ్ళలో చూసి ఊరుకుందా? మా ఇంట్లో చదవగలిగింది నేనొక్కదాన్నే అనుకుని ఇన్నాళ్ళూ ఎంత గొప్పగా, ఎంత బరువుగా నడిచాను. తల తిరుగుతోంది, పడుకునే ఉన్నా తిరుగుతోంది. అయితే ఈవిడనే అడిగితే? ఈవిడకి బుడగలు తెలుసు, పల్చబడ్డ గోడలు తెలుసు.

"అమ్మా, సీసాలో రెండు బుడగలుంటే ఏం చేసేదానివి?"

"పిచ్చిదానా, సీసా పోతే వెనకాల ఇంకో సీసా వస్తుంది. నీకు సీసా సంగతెందుకు?" విసుక్కుంది. మళ్ళీ తనే అంది, "పొద్దున ఎక్కిన గంటలో బాగా ఏరేదాన్ని. దిగబోయే గంటలో కళ్ళు మండి, మంచివి కూడా పడేసేదాన్ని, చెడ్డవి వదిలేసేదాన్ని. చెయ్యి తనంతట తనే పోయేది. ఏది పగిలిందో ఏది పగల్లేదో నాకెవరొచ్చి చెప్పారు? నాకూ తెలీదు. కానీ పక్కన ఇంకో ఆవిడ కూర్చునేది. నేను వదిలింది ఆవిడ చూసేది. నువ్వొక్కదానివే కూర్చున్నావే, అదీ నీ తప్పు."

అది జవాబు కాదు. కోయించుకోవాలా, తీగ నింపించుకోవాలా, ఊరుకోవాలా, వీటిలో దేనికీ అది జవాబు కాదు. ఇంకా చిక్కుపడింది. ఒక్కటి మాత్రం తెలుస్తోంది, ఐదింటికి నేను చెప్పబోయే ఔను, వాళ్ళ ఔను కాదు. వాళ్ళు ఒక్క బుడగకి చెప్పిన ఔనును నేను రెండింటికి అతికిస్తున్నాను. కాదంటే ఈ గురువారం పోతుంది, మళ్ళీ ఖాళీ మూడువారాలకో నెలకో, అన్నాళ్ళూ ఇది తలలో పెట్టుకుని మెట్లెక్కాలి, దగ్గాలి, నవ్వాలి, పాపని కేకలెయ్యాలి. అన్నాళ్ళలో పగిలితే? నేను ఆ ఎర్ర గీత తుడవకపోయి ఉంటే రెండు వారాల కిందటే అందరం కూర్చుని తేల్చేవాళ్ళం అని మా ఆయన జీవితాంతం అనుకోడూ? పదేళ్ళు పగలనిది మూడువారాల్లో పగులుతుందా? పగలదని ఎవరు చెప్పారు? ఇటు ఐదు, అటు ఐదు. అంకెలు కదలవు. నేను కదలకూడదు.

డాక్టరమ్మ ఐదుకి పది నిమిషాల ముందే వచ్చింది. పట్టీ చూసింది, పాదం మీద వేలు పెట్టి నాడి చూసింది. "ఇవాళ్టి బొమ్మల్లో కూడా అంతే ఉందండీ, పెరగలేదు. మరి గురువారం రాసేస్తున్నా?"

"రాయొద్దండీ." అన్నాను. "రెండోదాని సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. ఒకటే అన్నాను. తల తెరవొద్దని వాళ్ళన్నది ఆ ఒక్కదాని గురించి."

ఆవిడ కలం ఆగింది. నావైపు చూసింది, అమ్మ చేతిలో ఫిల్ముకేసి చూసింది. "గురువారం వదిలేస్తే మళ్ళీ ఇరవై రోజులకి గానీ దొరకదండీ. ఆలోచించుకోండి."

"మీరైతే ఏం చేస్తారమ్మా?" అంది అమ్మ.

"ఒకటి ఉంటే కాయిల్ అనేదాన్ని పెద్దమ్మా. రెండూ ఒకే వైపు ఉన్నాయి కాబట్టి..." ఆగింది. "నాకూ కష్టమే. మా పెద్ద డాక్టర్లిద్దరు మొన్న ఈవిడ బొమ్మలు పెట్టుకుని అరగంట వాదించుకున్నారు. ఒకాయన తెరుద్దామంటాడు, ఒకాయన వద్దంటాడు."

నాకు ఏడుపొచ్చింది, ఎందుకో తేలిగ్గా కూడా అనిపించింది. వాదించుకున్నారట. అంత చదువుకున్నవాళ్ళు. నేనొక్కదాన్నే కూర్చుని ఈ పేపరు దిద్దుదామనుకున్నాను, కూడటం తప్ప రానిదాన్ని. అప్పుడే తలుపు తోసుకుని మా ఆయన వచ్చాడు, రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు, ఒకటి అమ్మకి. డాక్టరమ్మని చూసి నిలబడిపోయాడు. "ఏమైంది? రక్తం వస్తోందా?"

"లేదు. నేనొకటి చెప్పాలి మీకు." ఊపిరి తీసుకున్నాను, కాలు కదలకుండా తీసుకోగలిగినంత. "నా తలలో ఉన్నవి రెండు. రెండో సున్నా నేనే తుడిచేశాను."

ఆయన గ్లాసులు ఎక్కడ పెట్టాలో తెలీక చుట్టూ చూశాడు. డాక్టరమ్మే అందుకుని కిటికీ గట్టు మీద పెట్టింది. తిడతాడు, ఇప్పుడు తిడతాడు అనుకున్నాను, డిపోలో కుర్రాళ్ళు బ్రేకు సంగతి దాస్తే ఎలా తిడతాడో నాకు తెలుసు. "రెండు," అన్నాడు. "రెండిటికీ ఏం చెయ్యాలి మరి? నువ్వు చెప్పు, నువ్వు చదివావుగా."

"నాకు తెలీదండీ."

మా ఇంట్లో ఎవరైనా అడిగితే నేను ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఆయన విన్నట్టు లేదు, ఇంకా నా మొహంలోకే చూస్తున్నాడు, తర్వాత వచ్చే మాట కోసం. రాలేదు. డాక్టరమ్మ కాగితం మీద గురువారం కొట్టేసింది, ఆ గీత చప్పుడు నాకు వినపడింది. ఇరవై రోజులు. "రౌండ్లు అయ్యాక వస్తాను, కూర్చుని మాట్లాడదాం, అడగాల్సినవన్నీ అడగండి" అని వెళ్ళిపోయింది.

"ఎక్కడ? నాకు చూపించండత్తయ్యా" అన్నాడు మా ఆయన. అమ్మ లేచి ఫిల్మును మళ్ళీ కిటికీకెత్తింది. కిటికీ నా పక్కనే, ఇద్దరూ ఫిల్ముకి అటువైపు ఒకరి భుజానికొకరు ఆనుకుని నిలబడ్డారు. పడుకున్నచోటినించి నాకు వాళ్ళ మొహాలు కనపడలేదు, నా తల బొమ్మ వెనకనించి మాత్రమే, తిరగబడి, కొమ్మలు కొమ్మలుగా, దానిమీద మా ఆయన గ్రీజు మరకల వేలు నీడ వెతుక్కుంటూ, ఆగుతూ, తప్పుతూ కదులుతోంది.

"అది కాదు," అన్నాను, "ఇంకాస్త కిందకి."